తిరుగు కానుక

ఇంట్లోకి ఒక పెట్టె వచ్చిందంటే ఇంట్లోంచి ఇంకో పెట్టె బయల్దేరాలి. తొకియె బతుకంతా ఈ సూత్రం మీదే నడిచింది. పెళ్ళయినా చావయినా, పక్కింటి పిల్ల బడిలో చేరినా, ఎవరో ఒకరు పెట్టె పట్టుకొస్తారు. అందులో సగం విలువ చేసేదేదో నెల తిరక్కుండా వాళ్ళ గుమ్మం చేరాలి. తొచికుర ఊళ్ళో ఈ మర్యాద తప్పినవాళ్ళని ఎవరూ పల్లెత్తు మాట అనరు. అనకపోవడంలోనే అంతా ఉంటుంది.

భర్త మొదటి సంవత్సరీకానికి ఇనొమత ఫుసాయె మిఠాయి పెట్టె పట్టుకొచ్చినప్పుడు కూడా తొకియె ఆ మర్యాదే పాటించింది. ఫుసాయె మేయరు మద్దతుదారుల సంఘంలో ఆడవాళ్ళ విభాగానికి పెద్ద. పెట్టె మీద మేయరు ఒబినాత పేరుంది. ఫుసాయె లోపలికి వచ్చి, చనిపోయినాయన ఫోటో పెట్టిన బుద్ధుడి గూటి ముందు కూర్చుని, అగరొత్తి వెలిగించి, గిన్నెలాంటి చిన్న కంచు గంట మోగించి, చేతులు జోడించి, టీ చల్లారకముందే వెళ్ళిపోయింది. వారం తిరిగేసరికి తొకియె మంచి తేయాకు డబ్బా ఒకటి కట్టించి, పైన చుట్టిన కాగితం మీద ఇంటిపేరు రాయించి మేయరు ఇంటికి పంపింది. పంపి, మర్చిపోయింది.

తన కూతురు చిజురు అప్పటికి కొన్ని వారాలుగా సరిగ్గా నిద్రపోవడం లేదని ఆమెకి తెలీదు.

చిజురు మేయరు ఆఫీసులో కార్యదర్శుల విభాగంలో పనిచేసేది. ఊరి పండుగ ముగిసిన రాత్రి విందు నుంచి తిరిగొస్తూ, కారు వెనక సీట్లో, డ్రైవరు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా బండి నడుపుతుండగా, ఒబినాత తన ఒంటి మీద చేసిన దౌర్జన్యాన్ని ఆమె చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి మాటలున్నాయి. కానీ అవన్నీ పత్రికల్లో చదివిన మాటలు, ఎవరో వేరే ఆడవాళ్ళవి. అరువు తెచ్చుకున్న కోటులా అవి ఆమె భుజాల మీద నిలబడలేదు.

ఒకటి మాత్రం ఆమెకి గోళ్ళతో గీసినంత స్పష్టంగా గుర్తుంది. మర్నాడు పొద్దున కాగితాల కట్ట పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళి, నడుం వంచి, "నిన్నటి విందుకి ధన్యవాదాలండీ" అంది. విందు ఇచ్చిన పెద్దాయనకి మర్నాడు పొద్దున్నే ఆ మాట చెప్పడం ఆ ఆఫీసులో ఊపిరి పీల్చినంత అలవాటు. నోరు తనంతట తానే అనేసింది. ఒబినాత తలెత్తకుండా "ఊఁ" అన్నాడు, అప్పు తీరినట్టుగా. ఆ రోజు నుంచి ఆ మాట చిజురు నోట్లో చచ్చిపోయింది. కొట్లో చిల్లర అందుకున్నా, ఎవరైనా తలుపు తీసి పట్టుకున్నా, తల ఊపి ఊరుకునేది. మేయరు దగ్గర పనిచేస్తోందని పొగరెక్కిందనుకుంది కూరగాయల కొట్టు ఆవిడ.

ఆమె నోరు విప్పింది చలికాలంలో. ఫిర్యాదులు వినే గదిలో ఉన్న ఉద్యోగి అంతా విని, లేచి తలుపు మూసి, "ఒబినాత గారికి మనుషులంటే ఆప్యాయత ఎక్కువమ్మా" అన్నాడు. ఆ తర్వాత విషయం పేపర్లకెక్కింది. మేయరు రాజీనామా చెయ్యాలని పట్టణ సభ తీర్మానించింది. ఒబినాత చేశాడు. చేసి, ఖాళీ అయిన ఆ కుర్చీకే మళ్ళీ నిలబడ్డాడు. ఆయన కారు "తీర్పు మీదే, తీర్పు మీదే" అని మైకులో బతిమాలుకుంటూ వీధి వీధీ తిరిగింది. ఫుసాయె మనుషులు తెల్ల ఏప్రన్లు కట్టుకుని ఎన్నికల ఆఫీసు వంటగదిలో పొద్దస్తమానం అన్నం ముద్దలు చుట్టారు. ఒబినాత గెలిచాడు. ఊరే తీర్పు చెప్పేశాక ఇంకేం మిగిలిందన్నారు జనం.

చిజురు ఉద్యోగం వదిలేసి, పక్క ఊళ్ళో బియ్యపు అప్పడాల ఫ్యాక్టరీలో విరిగినవి ఏరే పనికి కుదిరింది. నష్టపరిహారం కోరుతూ జిల్లా కోర్టులో ఒబినాత మీద దావా వేసింది. డబ్బు గురించి ఆమె పెద్దగా ఆలోచించలేదు. ఆమెకి కావలసింది ఒకటే. తన రక్తం కానివాళ్ళు, తను ఫీజు ఇవ్వనివాళ్ళు, ఆ ఊరివాళ్ళు ఎవరైనా ఒక్కరు, ఆమె అబద్ధం చెప్పడం లేదని పైకి అనాలి. ఈ సంగతి లాయరు వకూయికి కూడా చెప్పలేదు. చెబితే పసిపిల్ల కోరికలా వినిపిస్తుందని సిగ్గు.

మేయరు తరఫు జవాబు కోర్టుకి చేరాక వకూయి తల్లీకూతుళ్ళిద్దర్నీ పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుంది. వకూయి సన్నగా, ఎప్పుడూ జలుబు చేసినట్టుండే మనిషి.

"వాళ్ళు చెప్పేదేంటంటే, ఆ రాత్రి మేయరు గారు తాగిన మత్తులో కాస్త చనువు చూపించి ఉండొచ్చునట. అందుకు నొచ్చుకుని క్షమాపణగా మిఠాయి పంపారట. మీరు తీసుకున్నారట. తీసుకుని ఊరుకోకుండా బదులు కూడా పంపారట. కాబట్టి ఆ సంగతి రెండు కుటుంబాల మధ్యా అక్కడితో సమసిపోయిందట."

"బదులా?" అంది తొకియె.

వకూయి ఒక ఫోటో ముందుకి జరిపింది. తేయాకు డబ్బా. పైన కాగితం మీద నల్లసిరాతో హొరిగొమె అని ఇంటిపేరు.

తొకియె దాన్ని చాలాసేపు చూసింది. "రాత బాగా కుదిరింది" అంది చివరికి.

బస్సులో తిరిగొచ్చేటప్పుడు తొకియె ఒళ్ళో చేతిసంచీ పట్టీని మెలితిప్పుతూనే ఉంది.

"నాకు ముందే చెప్పి ఉంటే బాగుండేది కదే."

"చెప్పుంటే పంపేదానివి కాదా?"

తొకియె ఆలోచించింది. అబద్ధం చెప్పడం ఆవిడకి ఎప్పుడూ చేతకాదు. "పంపేదాన్నేమో. పెట్టె వచ్చింది కదా మరి."

చిజురుకి ఒక్కసారిగా ఒళ్ళు మండింది. కిటికీ వైపు తిరిగి కూర్చుంది. తల్లి మీద ఎంతో కోపం ఉందనుకుని లోపల వెతికితే, ఆ కోపం అడుగున నడుం వంచి నిలబడ్డ ఆడపిల్ల ఒకతె కనిపించింది. చేతిలో కాగితాల కట్టతో, "నిన్నటి విందుకి" అంటోంది. తల్లికీ తనకీ ఆ జబ్బు ఒకటే. ఎవరు ఏమిచ్చారో చూసుకోకుండా ఇచ్చినదానికల్లా వంగే నడుములు. బస్సు దిగేటప్పుడు మెట్టు దగ్గర తల్లి చెయ్యి పట్టుకుంది. తొకియె ఆశ్చర్యపోయి, ఆ చేతిని గుమ్మందాకా వదల్లేదు.

సాక్షుల విచారణ దగ్గరపడ్డాక వకూయి ఫోన్ చేసింది.

"వాళ్ళు ఇనొమత ఫుసాయెని సాక్షిగా పెట్టుకున్నారు. పెట్టె తెచ్చిచ్చినావిడే. ఎలాంటి మనిషి?"

"గట్టి మనిషండీ. ఎన్నికలప్పుడు అన్నం ముద్దలు గుండ్రంగా చుట్టిందని ఎవరి కోడల్నో ఏడిపించింది."

"గుండ్రంగా చుడితే ఏమయింది?"

"మేయరు గారి ముద్దకి మూడు కోణాలుండాలట."

వకూయి నవ్వి, తుమ్మి, మళ్ళీ గంభీరమైపోయింది. "ఆవిడ మాటకి ఊళ్ళో విలువుందా?"

తొచికురలో ఎవరింట్లో శవం లేచినా ముందు కబురెళ్ళేది ఫుసాయెకి. ఎవరికి ఎవరు బాకీ ఉన్నారో, ఏ గుమ్మంలో ఎవరు ఏమన్నారో ఆవిడ చెప్పిందే ఖరారు. ఆవిడ కోర్టులో నిలబడి అది క్షమాపణేనని, తొకియె పుచ్చుకుందని అంటే, జడ్జి సంగతి అలా ఉంచి, ఊరు మాత్రం రెండోసారి తీర్పు చెప్పినట్టే.

"ఉందండీ" అంది చిజురు.

కోర్టు రోజున మేయరు సంఘం వాళ్ళు బస్సు కట్టించుకుని వచ్చారు. ప్రేక్షకుల బెంచీలు తలుపు తెరవగానే నిండిపోయాయి. తొకియె మోకాళ్ళ నొప్పులతో ఇంట్లోనే ఉండిపోయింది. చిజురు ఎవరికీ కనబడకుండా ఆమె చుట్టూ బూడిదరంగు తెర నిలబెట్టారు. ఆమెకి ఎదురుగా జడ్జి, పక్కగా లాయర్లు మాత్రం కనిపిస్తారు. తెరకి అవతల అంతా దగ్గులూ, కోట్లు విప్పుతున్న చప్పుడూ. ఊరు అలా తెర వెనక దగ్గుతూ కూర్చోవడం ఆమెకి కొత్తగా ఏమీ అనిపించలేదు. ఈ రెండేళ్ళూ అలాగే కూర్చుంది.

ముందు ఆమెని ప్రశ్నించారు. చాలా ప్రశ్నలకి ఇంట్లో వందసార్లు చెప్పుకున్న జవాబులే చెప్పింది. మేయరు లాయరు చివరికి, మెత్తగా, "మర్నాడు పొద్దున మీరు ఆయన గదికి వెళ్ళి ధన్యవాదాలు చెప్పారా?" అని అడిగాడు.

"చెప్పాను."

"మీరు చెప్పేది నిజమైతే, అలాంటి మనిషికి ఎందుకు చెప్పారు?"

"మర్నాడు పొద్దున చెబుతాం కాబట్టి."

తెర వెనక దగ్గులు ఆగాయి. ఆ బెంచీల మీద ఉన్నవాళ్ళలో ఆ మాట చెప్పకుండా బతికినవాళ్ళు ఒక్కరూ లేరు. లాయరు కాగితం తిప్పాడు.

మధ్యాహ్నం ఫుసాయె వంతు. ఆవిడ ఆకారం చిజురుకి కనిపించలేదు. గొంతే వినబడింది. మనస్సాక్షి ప్రకారం నిజమే చెబుతానని, ఏదీ దాచనని, ఏదీ కల్పించనని ప్రమాణం చదివింది, అంగడిలో సరుకుల పేర్లు చదివినట్టు, విడివిడిగా.

"ఆ రోజు హొరిగొమె గారింటికి మిఠాయి పెట్టె తీసుకెళ్ళింది మీరేనా?" మేయరు లాయరు అడిగాడు.

"నేనే."

"పంపినదెవరు?"

"మేయరు గారు."

"దేనికి పంపారు?"

జవాబు రాలేదు. చిజురు తెర బట్ట వైపు చూసింది. బట్టలో ఒక పోగు తెగి, కొస కొద్దిగా కదులుతోంది. తన ఊపిరికే కదులుతోందని కాసేపటికి అర్థమైంది.

"కంగారు పడకండి ఇనొమత గారూ. నిదానంగా చెప్పండి."

"కంగారేం లేదు నాయనా. మొన్న మీ ఆఫీసులో చెప్పింది చెప్పాలా, ఆ రోజు వాళ్ళ గుమ్మంలో అన్నది చెప్పాలా అని చూస్తున్నా."

బెంచీలు కిర్రుమన్నాయి. జడ్జి మొదటిసారి తలెత్తి, "గుమ్మంలో అన్నది చెప్పండి" అన్నాడు.

"'మేయరు గారు మీవారి సంవత్సరీకానికి పంపారు, గూటి ముందు పెట్టండి' అన్నాను."

"క్షమాపణ ప్రస్తావన..." అన్నాడు లాయరు.

"నేనెత్తలేదు. నాకు తెలిస్తే కదా ఎత్తడానికి. ఆయన నాతో చెప్పింది సంవత్సరీకమనే. అది క్షమాపణ అని నేను విన్నది ఈ ఏడాదే, మీ నోటి నుంచే."

"కానీ ఆమె తల్లికి అప్పటికే విషయం తెలిసి ఉండే అవకాశం..."

"తెలిసిన తల్లి నాకు మెత్త వేసి కూర్చోబెట్టి, 'మేయరు గారు ఎంత మంచివారండీ, పోయినాయన్ని గుర్తుపెట్టుకున్నారు' అని కళ్ళు తుడుచుకుంటుందా? నేను డెబ్బై ఏళ్ళుగా ఆడవాళ్ళని చూస్తున్నా. మీరు ఎన్నాళ్ళ నుంచి చూస్తున్నారు?"

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. లాయరు కూర్చున్నాడు.

వకూయి లేచింది. ఒక్క ప్రశ్నే అడిగింది. "పెట్టె మీ చేతికిచ్చేటప్పుడు మేయరు గారు ఇంకేమైనా అన్నారా?"

"అన్నారు. 'వాళ్ళు బదులు పంపుతారు, ఆ పై కాగితం పారెయ్యకుండా దాచమని మా ఇంట్లో చెప్పాలి' అని తనలో తాను అనుకున్నట్టు అన్నారు. సంవత్సరీకం మిఠాయికి అంత జాగ్రత్త దేనికో నాకప్పుడు తట్టలేదు. ఇప్పుడు తట్టింది."

చిజురు తెర వెనక కదలకుండా కూర్చుంది. ఛాతీలోంచి వెచ్చగా ఏదో పైకొస్తోంది. అది సంతోషమని ఆమె మనసు వెంటనే ఒప్పుకోలేదు. ముందు భయం వేసింది. ఇంత పెద్దది ఇంట్లోకి వచ్చింది. దీనికి సగమంటే ఎంత? ఏం కట్టించి పంపాలి, ఎక్కడ దొరుకుతుంది? ఆ వెర్రి ఆలోచనకి తనే నవ్వుకోబోతే కన్నీళ్ళొచ్చాయి. ఊరి మనిషి ఒకతె, తెరకి అవతల, ఊరంతా వింటుండగా చెప్పింది.

బయటికొచ్చాక వకూయి రుమాలుతో ముక్కు తుడుచుకుంటూ ఆమెని హెచ్చరించింది. "తీర్పు వచ్చేదాకా ఆవిడకి ఏమీ ఇవ్వకూడదు. పండు ముక్క కూడా. ఇంటికి వెళ్ళొద్దు, ఫోన్ చెయ్యొద్దు. కొన్నామంటారు."

అందుకని చిజురు అందరూ వెళ్ళిపోయేదాకా ఆగి స్టేషనుకి నడిచింది. తొచికుర వైపు వెళ్ళే ఒంటి పెట్టె రైలు రావడానికి ఇంకా చాలాసేపుంది. ప్లాట్‌ఫారం బెంచీ మీద, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని ఫుసాయె కూర్చుని ఉంది.

చిజురు దూరంగా ఆగిపోయింది. "మీరు బస్సులో వచ్చారు కదండీ."

"వచ్చాను. నేను ఎక్కేలోపు తలుపు మూసుకుని వెళ్ళిపోయింది." ఫుసాయె పట్టాల వైపు చూస్తూ అంది. "డ్రైవరు నా మేనల్లుడే. చిన్నప్పుడు వాడి ముక్కు తుడిచింది నేను."

రైలొచ్చింది. లోపల నిద్రపోతున్న బడిపిల్లలిద్దరు తప్ప ఎవరూ లేరు. చిజురు ఎక్కడ కూర్చోవాలో తేల్చుకోలేకపోయింది.

"నా పక్కన కూర్చోకు, ఎదురుగానూ కూర్చోకు" అంది ఫుసాయె. "అదిగో, అటు మూల. మాట వినబడితే చాలు."

ఇద్దరూ చెరో కిటికీ దగ్గర కూర్చుని, బయటికి చూస్తూ మాట్లాడుకున్నారు. కోత అయిపోయిన పొలాలు నల్లగా తడిసి వెనక్కి పోతున్నాయి. చిజురు చాలాసేపు గొంతు సవరించుకుంది. మాట ఎక్కడో లోతున, తుప్పుపట్టిన గొళ్ళెంలా బిగుసుకుపోయి ఉంది. చివరికి, "ఇనొమత గారూ, ధన్యవాదాలండీ" అంది. అని, తన గొంతు విని తనే ఉలిక్కిపడింది.

"దేనికి?"

"మీరు చెప్పినదానికి."

"నీకోసం చెప్పానని ఎవరన్నారు? ఆయనకి రెండుసార్లూ ఓటేసింది నేను. నువ్వు పేపర్లోకెక్కినప్పుడు, ఈ పిల్లకి ఎవరో డబ్బిచ్చి ఎక్కించారని పదిమంది దగ్గర అన్నా."

"తెలుసండీ."

"తెలుసా? ఎవరు చెప్పారు?"

"పదిమందీ."

ఫుసాయె ముక్కుతో ఒక శబ్దం చేసింది. అది నవ్వో విసుగో తెలియలేదు. కాసేపటికి తనే మళ్ళీ ఎత్తుకుంది.

"నేను మీ నాన్న ముందు కూర్చుని గంట కొట్టాను. పోయినవాణ్ణి పిలిచి మరీ అబద్ధం చెప్పినట్టయింది. ఆ పని నాచేత చేయించాడు. నన్ను అడిగి ఉంటే వేరు. క్షమాపణ అని చెబితే, మోసేదాన్నో మానేదాన్నో. నన్ను గాడిదని చేసి మీ ఇంటికి తోలాడు." ఆవిడ గొంతు తగ్గింది. "మీ నాన్న మంచు తోసే బండి నడిపేవాడు కదా. ఆ బండి పోతూ పోతూ అందరి గుమ్మాల ముందూ మంచు గట్టు కట్టేస్తుంది. తెల్లారి దాన్ని తవ్వలేక చస్తాం. మా ఆయన నడుం దెబ్బతిని పార పట్టలేకపోయిన ఏడాది నుంచి, మా గుమ్మం దగ్గర మాత్రం బండి ముందున్న రేకు కొంచెం పైకెత్తేవాడు. చీకట్లో ఆ చప్పుడు మారేది. పడుకుని వినేదాన్ని."

"నాన్న ఎప్పుడూ చెప్పలేదు."

"ఎందుకు చెబుతాడు? చెబితే ఊళ్ళో ప్రతి గుమ్మమూ అడుగుతుంది. నేనూ ఏమీ ఇవ్వలేదు. ఇస్తే ఎందుకిచ్చావంటారు, ఆయన ఉద్యోగం మీదికొస్తుంది. ఏటా అనుకునేదాన్ని, ఆయన పని మానేశాక ఇద్దామని. పని మానకుండానే పోయాడు."

చిజురు కిటికీలోకి చూసింది. అద్దంలో, పొలాల మీదుగా, ఫుసాయె ముఖం సగం కనిపించింది. నాన్న అలాంటి మనిషని ఆమెకి తెలీదు. ఆయన మాట్లాడకపోవడాన్ని ఆమె ఎప్పుడూ మొద్దుతనం అనుకుంది. ఆ మౌనంలో ఇలా ఎత్తిన రేకులు ఇంకెన్ని ఉన్నాయో. ఎవరూ బదులివ్వని, ఎవరికీ చెప్పని మేలు ఒకటి, ఇన్ని చలికాలాలు ఇద్దరు మనుషుల మధ్య అలాగే ఉండిపోయింది. చెడిపోలేదు. తల్లి సూత్రం ప్రకారం అది బాకీ. కానీ ఫుసాయె గొంతులో బాకీ ఉన్నవాళ్ళ ఇబ్బంది లేదు. పడుకుని ఆ చప్పుడు వింటున్నంత నెమ్మది ఉంది.

"అందుకే చెప్పారాండీ ఇవాళ?"

"కాదన్నానా. ప్రతిదానికీ ఒక దారం కట్టి లాగకు." ఫుసాయె లేచి సంచీ భుజానికి తగిలించుకుంది. తొచికురకి ఇంకా ఒక స్టేషనుంది. "నేనిక్కడ దిగుతా. మా ఆయన్ని బండేసుకుని రమ్మన్నా. మనిద్దరం కలిసి దిగితే ఆ లాయరు దానికీ ఒక ఫోటో చూపిస్తాడు."

చిజురు లేచి నిలబడి నడుం వంచింది. ఆమె తలెత్తేసరికి ఫుసాయె ప్లాట్‌ఫారం మీద ఫోన్లో మొగుడి మీద అరుస్తోంది. "ఎడమ వైపు అన్నానా, కుడి వైపు అన్నానా?" మూసుకుంటున్న తలుపుల్లోంచి ఆ గొంతు కాసేపు వినబడింది. ఆ రాత్రి చిజురు తల్లి కంటే ముందే నిద్రపోయింది.

తీర్పు ఫిబ్రవరిలో వచ్చింది. ఒబినాత చేసింది దౌర్జన్యమేనని, పరిహారం చెల్లించాలని కోర్టు అంది. మిఠాయిని క్షమాపణగా ఇచ్చారన్న వాదన నమ్మదగింది కాదని, బదులొచ్చే కాగితాన్ని దాచమన్న మనిషికి తను చేసింది ఏమిటో ముందే తెలుసని తీర్పులో రాశారు. పట్టణ సభ ఈసారి అవిశ్వాసం పెట్టి నెగ్గించింది. ఒబినాత మళ్ళీ నిలబడతాడని వారం రోజులు పుకారు నడిచింది. ఎన్నికల ఆఫీసు అద్దెకి తీసుకున్నాడు కూడా. వంటగది తెరిచి పెట్టుకుని కూర్చుంటే అన్నం ముద్దలు చుట్టడానికి ఒక్క ఆడమనిషీ రాలేదు. నామినేషను వెయ్యలేదు. అప్పీలుకీ వెళ్ళలేదు. ముద్దలు చుట్టేవాళ్ళు లేక మేయరు పదవి పోయిందని జిల్లాలో అందరూ నవ్వుకున్నారు. తొచికురలో ఎవరూ నవ్వలేదు.

ఫుసాయెకి ఆ చలికాలం సుఖంగా ఏమీ గడవలేదు. ఇంటింటికీ చేతులు మారే ఊరి ప్రకటనల పలక ఆవిడ గుమ్మం దాటి నేరుగా పక్కింటికి వెళ్ళిపోయేది. మేనల్లుడు కొత్త సంవత్సరానికి రాలేదు. ఇవన్నీ చిజురు చెవిన పడేవి. విన్నప్పుడల్లా ఆమెకి నొప్పి కలిగేది, ఆ నొప్పి కింద వెచ్చదనం అలాగే ఉండేది. ఫ్యాక్టరీలో విరిగిన అప్పడాలు ఏరుతూ, చెయ్యి కొంచెం పైకెత్తి ఆగేది, ఎందుకో తెలియకుండానే.

అప్పీలు గడువులన్నీ తీరాక వకూయి ఫోన్ చేసి, ఇక ఎవరితోనైనా మాట్లాడుకోవచ్చని చెప్పింది. అప్పటికి మంచు కరిగి, కొండవాలులో కూరకి వాడే ఫెర్న్ మొలకలు వచ్చే రోజులు.

తొకియె గూటి ముందు కూర్చుని లేచింది. "ఇంత చేసిన మనిషికి సగమంటే ఎంతవుతుందే?" అని నిజంగానే అడిగింది.

"నాకూ తెలీదమ్మా. ముందు వెళ్ళొస్తాను."

ఫుసాయె పెరట్లో చాప పరిచి, ఉడికించిన ఫెర్న్ మొలకలు ఎండలో పోసి, మరో ముగ్గురు ఆడవాళ్ళతో కలిసి అరచేతుల కింద నలుపుతోంది. అలా గంటకోసారి నలిపితేనే అవి పీచు దేరకుండా ఎండుతాయి. ఆ ముగ్గుర్నీ చిజురు గుర్తుపట్టింది. ఎన్నికలప్పుడు తెల్ల ఏప్రన్లలో చూసింది. ఆమెని చూడగానే వాళ్ళ మాటలు ఆగిపోయాయి. చలికాలమంతా కూర్చి పెట్టుకున్న వాక్యం చిజురు గొంతు దాకా వచ్చింది.

"నీ నీడ చాప మీద పడుతోంది" అంది ఫుసాయె తలెత్తకుండా. "ఎండకి అడ్డం లే."

చిజురు పక్కకి జరిగింది. జరిగితే కూర్చోడానికి చాప అంచు తప్ప చోటు లేదు. మోకాళ్ళ మీద కూర్చుంది. ఎవరో ఆమె ముందుకి ఒక కుప్ప తోశారు. మొలకలు వెచ్చగా, తడిగా, మెత్తగా ఉన్నాయి. మిగతావాళ్ళ చేతులు చూస్తూ నలపడం మొదలుపెట్టింది. చప్పుడల్లా అరచేతులదే.

వాళ్ళలో లావుపాటి ఆవిడ కాసేపు ఓరగా చూసి, ఇక ఉండబట్టలేక అంది. "అంత గట్టిగా పిసక్కమ్మా. అది ఒబినాత పీక కాదు."

పక్కావిడ చాప మీదికి వంగిపోయి భుజాలు కుదుపుతూ నవ్వింది. మూడో ఆవిడ మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. చిజురుకి నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో తెలీదు, వచ్చేసరికి ఆపుకోవడం చేతకాలేదు. ఫుసాయె మాత్రం నవ్వలేదు. ఇంకొన్ని మొలకలు ఆమె ముందుకి తోసింది.

"వీళ్ళ మాటలకేం గానీ, సాయంత్రం దాకా ఉండగలవా? ఎండ దిగేలోపు ఇంకో రెండుసార్లు నలపాలి."

"ఉంటానండీ" అంది చిజురు.